పుట్ట మీది పుట్టగొడుగు: గుర్తుపట్టడం, సరిచూసుకోవడం, వండడం ఎలా?

తొలకరి పడి నాలుగు రోజులైతే చాలు, నా ఫోన్‌కి ఫొటోలు మొదలవుతాయి. "అన్నా, మా చేను గట్టున ఇవి మొలిచాయి, తినొచ్చా?" ఏటా ఇదే ప్రశ్న. ఫొటో చూసి "తినొచ్చు" అని ఇంతవరకు ఒక్కరికి కూడా చెప్పలేదు. ఇక ముందూ చెప్పను. ఎందుకంటే తేల్చి చెప్పే గుర్తులు ఫొటోలో పడవు. ఒకటి మట్టిలోపల ఉంటుంది. ఇంకొకటి కాగితం మీద నాలుగైదు గంటలు ఆగితే గానీ కనపడదు. అందుకే ఆ రెండూ ఎలా చూసుకోవాలో, తర్వాత ఎలా వండుకోవాలో వరసగా రాస్తున్నాను.

ఇది ఒక్క రకం గురించే. చెదపుట్టల మీద, పుట్టల చుట్టుపక్కల మొలిచే అసలైన పుట్టగొడుగు. తెలంగాణలో చాలా ఊళ్లలో పుట్టకొక్కులు అంటారు. శాస్త్రంలో దీని పేరు టెర్మిటోమైసిస్. పనికిరానివాటన్నిటికీ మనవాళ్లు పెట్టిన పేరు కుక్కగొడుగులు. ఆ కుక్కగొడుగుల్లో ఏది విషం, ఏది కాదు అని నేర్చుకునే ప్రయత్నం చేయకండి. అవి లెక్కలేనన్ని ఉన్నాయి. మంచిదాన్ని ఒక్కదాన్ని అడుగు నుంచి గొడుగు కొన దాకా నేర్చుకోండి. ఒక్క గుర్తు తేడా వచ్చినా అది మనది కాదు.

ఏమేం కావాలి

- వెదురు బుట్ట, లేదా నూలు గుడ్డ సంచి. పాలిథీన్ కవరు వద్దు, అందులో గంటలోనే చెమట పట్టి మెత్తబడతాయి
- పొడుగాటి కర్ర, కాళ్లకు బూట్లు, టార్చి
- సన్నటి చాకు లేదా పదునైన పుల్ల (మట్టి తవ్వి చూడటానికి)
- సగం తెల్లగా, సగం నల్లగా ఉన్న కాగితం. దొరక్కపోతే తెల్ల కాగితం పక్కన నల్ల కాగితం అంటించుకోండి
- మూత పెట్టడానికి ఒక గిన్నె
- ఏళ్ల తరబడి ఏరిన అనుభవం ఉన్న మనిషి. మొదటి రెండు మూడు సార్లు వాళ్లు లేకుండా వెళ్లొద్దు. వాళ్ల బదులు ఫోన్ యాప్‌ని నమ్మొద్దు

1. సమయం, చోటు చూసుకోండి

జూన్‌లో మృగశిర కార్తె నుంచి వినాయక చవితి దాటేదాకా సీజన్. ఒక మంచి వాన పడి, తర్వాత రెండు మూడు రోజులు ఉక్కగా ఉంటే తెల్లవారేసరికి మొలుస్తాయి. పొద్దెక్కితే గొడుగు పూర్తిగా విచ్చుకుని పురుగు పడుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.

పుట్ట దగ్గరికి వెళ్లగానే చెయ్యి పెట్టకండి. ముందు కర్రతో చుట్టూ తట్టండి. వానాకాలంలో పుట్టల్లో, వాటి పక్క గడ్డిలో పాములుంటాయి. ఇది రాసుకోవడానికి మామూలు మాటలా ఉంటుంది గానీ, పుట్టగొడుగు కనపడగానే ఆత్రంలో అందరూ మరిచిపోయేది ఇదే. పూజలు చేసే పుట్ట అయితే ఆ ఊరివాళ్లను అడిగి తీసుకోండి.

మందులు కొట్టిన పత్తి చేల గట్ల మీద, ఫ్యాక్టరీల పక్కన, రద్దీ రోడ్ల అంచున మొలిచినవి మంచి రకమే అయినా వదిలేయండి. పుట్టగొడుగు నేలలో ఉన్నదాన్ని పీల్చుకుంటుంది, కడిగితే పోదు.

2. పీకే ముందు నిలబడి చూడండి

గొడుగు మధ్యలో ఒక మొన ఉంటుంది. మొగ్గగా ఉన్నప్పుడు బల్లెం కొనలా కూచిగా, విచ్చుకున్నాక బొడిపెలా. వేలితో తాకితే మిగతా గొడుగు కంటే గట్టిగా తగులుతుంది, రంగు కూడా అక్కడ ముదురుగా ఉంటుంది. గట్టి నేలను చీల్చుకుని పైకి రావాలి కాబట్టి దానికి ఆ మొన అవసరం.

వంగి గొడుగు కింద చూస్తే రేకులు (కాడ వైపు నుంచి అంచు దాకా ఉండే పలచటి మడతలు) తెల్లగా ఉంటాయి, ముదిరినకొద్దీ లేత గులాబీ ఛాయ వస్తుంది. రేకులు కాడను అంటుకోవు, కాడ చుట్టూ సన్నటి సందు వదిలి ఆగిపోతాయి.

కాడ మీద ఉంగరంలాంటి పొర ఉందా? మన రకాల్లో కూడా కొన్నిటికి ఉంగరం ఉంటుంది, అవి మంచివే. కానీ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఉంగరం ఉన్నదాన్ని వదిలేయండి. ప్రాణాలు తీసే అమానిటా జాతికి, వాంతులు చేయించే పచ్చరేకుల రకానికి ఉంగరం ఉంటుంది. నాలుగు మంచివి పోయినా నష్టం లేదు.

అలాగే వందల కొద్దీ గుంపుగా, గోరంత గోరంత గొడుగులతో మొలిచే చిన్న రకం కూడా ఉంది. రుచిగా ఉంటాయి. అయినా కొత్తవాళ్లకు వద్దు. అంత చిన్నవాటిలో ఒక్కొక్కదాన్ని సరిచూడటం కుదరదు, మధ్యలో వేరేవి నాలుగు కలిసినా తెలియదు.

3. వేరు దాకా తవ్వండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. చాలామంది కాడ పట్టుకుని పుటుక్కున విరిచేస్తారు. అలా విరిస్తే గుర్తుల్లో సగం మట్టిలోనే ఉండిపోతాయి.

చాకుతో కాడ చుట్టూ మట్టి మెల్లగా వదులు చేసి, లోపలికి చూడండి. అసలైన పుట్టగొడుగు కాడ నేల దగ్గర ఆగదు. సన్నబడుతూ వేరులాగా జానెడు, ఒక్కోసారి మూరెడు లోతుకు దిగుతుంది. అది చెదలు లోపల పెంచుకునే తేనెపట్టులాంటి గూటి నుంచి పుట్టుకొస్తుంది. నేల మీద పుట్ట కనపడకపోయినా, కింద చెదల గూడు ఉంటే పైన మొలుస్తుంది. మరీ లోతుకు వెళ్లిందనిపిస్తే మొత్తం తవ్వక్కర్లేదు. జానెడు దాకా వేరు సన్నబడుతూ దిగడం కళ్లారా చూస్తే చాలు. గునపం పెట్టి పుట్టను పగలగొట్టొద్దు. గూడు బతికుంటే వచ్చే ఏడు అదే చోట మళ్లీ మొలుస్తాయి.

తవ్వినప్పుడు ఈ రెండిట్లో ఏది కనపడినా అక్కడే వదిలేయండి, చేతులు కడుక్కోండి:

- కాడ అడుగున గుడ్డు పెంకులాంటి తిత్తి, లేదా చిరిగిన సంచిలాంటి పొర. ఇది అమానిటా గుర్తు
- కాడ అడుగు గుండ్రంగా ఉబ్బి, వేరు లేకుండా నేల పైపైనే ఆగిపోవడం

పుట్ట మీద మొలిచింది కదా అని ధీమా పడకండి. పుట్ట మీద వేరే రకాలు కూడా మొలుస్తాయి. చోటు ఒక గుర్తు మాత్రమే.

విచ్చుకోని, కోడిగుడ్డులా గుండ్రంగా ఉన్న మొగ్గలను ఏరొద్దు. వరిగడ్డి వాముల మీద మొలిచే మంచి రకం మొగ్గ, అమానిటా మొగ్గ రెండూ గుడ్డులాగే ఉంటాయి.

4. ఒక్కోదాన్ని విడిగా చూసి బుట్టలో వేయండి

ఒకే పుట్ట దగ్గర ఇరవై ఉంటే ఇరవైనీ చూడాలి. మొదటి రెండు చూసి మిగతావి గంపగుత్తగా తెచ్చుకోవడం వల్లే తేడా వస్తుంది. ఒక పుట్టవి ఒక మోదుగాకు పొట్లంలో, ఇంకో పుట్టవి ఇంకో పొట్లంలో పెట్టుకోండి. తర్వాత ఒకదాంట్లో అనుమానం వస్తే ఆ పొట్లం మొత్తం పారేయొచ్చు.

5. పొడి రంగు చూడండి

ఇంటికి రాగానే పొయ్యి దగ్గరికి వెళ్లకండి. ముందు రేకుల నుంచి రాలే సన్నటి పొడి (పుట్టగొడుగు విత్తనాల్లాంటిది) ఏ రంగులో ఉందో చూడాలి. ప్రతి పొట్లం నుంచి పూర్తిగా విచ్చుకున్న గొడుగు ఒకటి తీసి, కాడ కోసేసి, రేకులు కిందికి ఉండేలా కాగితం మీద పెట్టండి. సగం తెల్ల వైపు, సగం నల్ల వైపు రావాలి. గొడుగు పైన ఒక నీటి చుక్క వేసి, గాలి తగలకుండా గిన్నె బోర్లించండి. నాలుగు నుంచి ఆరు గంటలు కదపొద్దు. మిగతావాటిని గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే తడిగుడ్డ కప్పి చల్లటి చోట ఉంచండి.

గిన్నె ఎత్తి, గొడుగు తీస్తే బండి చక్రం ఆకుల్లాగా పొడి గీతలు పడి ఉంటాయి. ఆ పొడిని చాకు అంచుతో ఒక దగ్గరికి గీకి, పగటి వెలుతురులో చూడండి.

- మీగడ రంగు కలిసిన లేత గులాబీ: మన పుట్టగొడుగుకు ఉండాల్సిన రంగు
- స్వచ్ఛమైన తెలుపు: ఆ పొట్లం మొత్తం పారేయండి. అమానిటా పొడి ఇలాగే ఉంటుంది
- ఆకుపచ్చ, బూడిద కలిసిన ఆకుపచ్చ: పారేయండి
- గోధుమ, చాక్లెట్, నలుపు: పారేయండి
- పొడి రాలలేదు, లేదా రంగు తేల్చుకోలేకపోతున్నారు: పారేయండి

గులాబీ పొడి వచ్చింది కదా అని సంబరపడొద్దు. గులాబీ పొడి రాల్చే విషపు రకాలూ ఉన్నాయి. వాటికి లోతైన వేరు ఉండదు, రేకులు కాడకు అంటుకుని ఉంటాయి. అందుకే మొన, విడిగా ఉన్న రేకులు, వేరు, తిత్తి లేకపోవడం, పొడి రంగు, ఈ అయిదూ కలవాలి.

ఈ కాగితం పరీక్ష ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, ఒకసారి మా వీధిలో పిన్ని పళ్లెం నిండా తెచ్చింది. పెంటకుప్ప పక్కన గడ్డిలో మొలిచాయట. తెల్లటి గొడుగులు, మధ్యలో గోధుమ రంగు పొలుసు, కింద పాలలాంటి రేకులు. "మన పుట్టగొడుగులే రా, చిన్నప్పటి నుంచి చూస్తున్నా" అంది. అప్పటికే ఉల్లిపాయలు తరిగి పెట్టుకుంది. ఒక్కటి ఇవ్వు పిన్నీ అని తీసుకుని, కాగితం మీద పెట్టి స్టీలు గిన్నె బోర్లించాను. సాయంత్రం నాలుగింటికి ఎత్తి చూస్తే కాగితం మీద ఎండిన గోరింటాకు పొడి చల్లినట్టు మురికి ఆకుపచ్చ గీతలు. రేకులు లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి, రంగు తర్వాత తిరుగుతుంది. పైన చెప్పిన పచ్చరేకుల రకం ఇదే, శాస్త్రంలో క్లోరోఫిల్లమ్ అంటారు. పెంటకుప్పల దగ్గర, పార్కుల్లో, స్కూలు గ్రౌండ్లలో వానలకు బాగా మొలుస్తుంది. తిన్న ఒకటి రెండు గంటల్లో ఆగకుండా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పిన్ని ఆ కాగితం వంక చాలాసేపు చూసి, పళ్లెం తీసుకెళ్లి గుంటలో పూడ్చేసింది.

నమ్మకూడని పరీక్షలు

ఇవి నాకు ఏటా ఎవరో ఒకరు చెప్తారు. ప్రేమగా చెప్తారు, పెద్దవాళ్లు చెప్తారు. అయినా వీటిలో ఒక్కటి కూడా పనిచేయదు.

*"విషముంటే కూరలో వేసిన వెండి ఉంగరం నల్లబడుతుంది."* వెండి నల్లబడేది గంధకం తగిలితే. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు తగిలినా నల్లబడుతుంది. అమానిటా విషానికి వెండితో సంబంధం లేదు.

*"విషముంటే ఉల్లిపాయో, అన్నం మెతుకులో వేసి ఉడికించినప్పుడు వాటి రంగు మారుతుంది."* మారదు.

*"పురుగులు తింటున్నాయి, నత్తలు కొరికాయి, కాబట్టి మంచిదే."* మనుషుల్ని చంపే రకాల్ని పురుగులు, నత్తలు హాయిగా తింటాయి.

*"బాగా ఉడికిస్తే విషం పోతుంది. ఎండబెడితే పోతుంది. ఉప్పు, పసుపు నీళ్లలో నానబెడితే పోతుంది."* ప్రమాదం ఎక్కువగా ఇక్కడే ఉంది. అమానిటాలో ఉండే అమాటాక్సిన్ మరిగే నీళ్లకు చెదరదు. ఎండకు పోదు, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. వంటింట్లో దానికి విరుగుడు లేదు.

*"చేదుగా ఉంటే విషం, రుచిగా ఉంటే మంచిది."* డెత్ క్యాప్ అనే అమానిటా రకం తిని బతికి బయటపడ్డవాళ్లు అది రుచిగానే ఉందని చెప్పారు.

*"కొంచెం తిని చూస్తే సరి."* డెత్ క్యాప్ సగం గొడుగు కూడా ఎదిగిన మనిషి ప్రాణం తీయగలదు. కొంచెం తినడం పరీక్ష కాదు.

6. శుభ్రం చేయడం

వేరు, మట్టి పట్టిన అడుగు భాగం కోసేయండి. కాడను పొడవునా చీల్చండి. లోపల తెల్లగా, నారగా, గట్టిగా ఉండాలి. పురుగు తొలిచిన దారులు, నీరుకారిన మచ్చలు, పుల్లటి వాసన ఉంటే అది ముదిరింది, పక్కన పెట్టండి. మంచి రకమే అయినా కుళ్లింది తింటే కడుపు చెడుతుంది.

గొడుగుల్ని తడిగుడ్డతో తుడవండి. మట్టి ఎక్కువుంటే పసుపు కలిపిన నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, వెంటనే తీసి, గుడ్డ మీద ఆరబెట్టండి. ఎక్కువసేపు నానితే నీళ్లు పీల్చుకుని కూర చప్పబడుతుంది. ఇక్కడ పసుపు మట్టి, చిన్న పురుగుల కోసమే, విషం కోసం కాదు.

వండే ముందు రెండు పచ్చి పుట్టగొడుగుల్ని, వేరుతో సహా, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పక్కన పెట్టండి. ఎందుకో చివర్లో చెప్తాను.

7. వండడం

పావు కిలో పుట్టగొడుగులకు రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, పావు చెంచా పసుపు, చెంచా కారం, చెంచా ధనియాల పొడి, ఉప్పు, మూడు చెంచాల నూనె, కరివేపాకు, కొత్తిమీర.

మందపాటి గిన్నెలో నూనె వేడయ్యాక ఉల్లి, మిర్చి, కరివేపాకు వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా కలపండి. పుట్టగొడుగుల్ని కత్తితో కాకుండా చేత్తో నిలువుగా చీల్చి వేయండి, నారగా కోడిమాంసంలా వస్తాయి. పసుపు, ఉప్పు వేసి మూత పెట్టండి. నీళ్లు పోయకండి. అయిదు నిమిషాల్లో వాటి నీరే గిన్నెలో ఊరుతుంది. ఆ నీట్లోనే సన్నటి సెగ మీద ఉడకనిచ్చి, తర్వాత మూత తీసి నీరు ఇగిరేదాకా ఉంచండి. కారం, ధనియాల పొడి అప్పుడు వేయండి. మొత్తం ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా ఉడకాలి.

అయిందా లేదా చూడాలంటే కాడ ముక్క ఒకటి తీసి నొక్కండి. మెత్తగా అణగాలి, మధ్యలో పచ్చి తెలుపు కనపడకూడదు, గిన్నె అంచున నూనె తేలాలి. పులుసు కావాలనుకుంటే ఈ దశలో గసగసాలు, కొబ్బరి ముద్ద, అర గ్లాసు నీళ్లు పోసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. మసాలాలు దట్టించొద్దని మాత్రం నా మాట. ఈ పుట్టగొడుగుకు తన వాసన తనకుంది. వేడి జొన్నరొట్టెలో ఒట్టి ఉల్లికారం కూరే దానికి సరిజోడు.

ఆ పూటకే తినేయండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ముగించండి.

8. మొదటిసారి తినేవాళ్లు

అయిదు గుర్తులూ కలిసిన తర్వాత కూడా మొదటిసారి రెండు చెంచాలకు మించి వద్దు. మంచి పుట్టగొడుగు కూడా కొందరికి అరగదు, ఒళ్లు దద్దుర్లు వస్తాయి. చిన్నపిల్లలకు, గర్భిణులకు, కాలేయం జబ్బున్నవాళ్లకు అడవి పుట్టగొడుగు పెట్టకండి. ఆ రోజు మద్యం ముట్టొద్దు.

ఇంత తతంగం కుదరదు అనుకుంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెంపకందారుల దగ్గర పాల పుట్టగొడుగులు కొనుక్కోండి. కాడ లావుగా, గట్టిగా ఉంటాయి, పైన చెప్పిన కూరకు బటన్ పుట్టగొడుగుల కంటే బాగా సరిపోతాయి.

సంతలో, రోడ్డు పక్కన కొనేటప్పుడు

వానాకాలంలో ఏజెన్సీ సంతల్లో, అడవి పక్క రోడ్ల మీద కుప్పలుగా పోసి అమ్ముతారు. ఏరేవాళ్లకు మనకంటే ఎంతో ఎక్కువ తెలుసు. అయినా వేరు కోయకుండా ఉన్నవే కొనండి. ఎప్పుడు ఏరారో, ఎక్కడ ఏరారో అడగండి. ఇంటికొచ్చాక ఒక్కొక్కటి చూడండి, కాగితం పరీక్ష మానకండి.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. మన పుట్టగొడుగును పెంచే చెదలు ఆఫ్రికా, ఆసియాల్లోనే ఉంటాయి. కాబట్టి అక్కడ మీ ఇంటి వెనక, పార్కులో కనపడింది మన ఊరి పుట్టగొడుగు కాదు, ఎంత అచ్చం అలాగే ఉన్నా సరే. కాలిఫోర్నియాలో, మెల్‌బోర్న్‌లో ఓక్ చెట్ల కింద డెత్ క్యాప్ మొలుస్తుంది. ఆసియా నుంచి వెళ్లినవాళ్లు దాన్ని వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని తిని చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న గుర్తులు అక్కడ వాడొద్దు.

తిన్న తర్వాత తేడా చేస్తే

గంట, రెండు గంటల్లో వాంతులు మొదలైతే ఆస్పత్రికి వెళ్లండి. ఆరు గంటలు దాటాక, అంటే రాత్రి తింటే తెల్లవారుజామున మొదలైతే, ఇంకా తొందరపడండి. ఆలస్యంగా మొదలయ్యేదే అమాటాక్సిన్ లక్షణం. వాంతులు, నీళ్ల విరేచనాలు ఒక రోజు పట్టి తగ్గిపోతాయి. మనిషి లేచి కూర్చుంటాడు, ఆకలి కూడా వేయొచ్చు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది, మూడో రోజుకి కళ్లు పచ్చబడతాయి. కాబట్టి వాంతులు తగ్గాయని ఇంటికి వచ్చేయకండి. "అడవి పుట్టగొడుగులు తిన్నాం, కాలేయం పరీక్షలు చేయండి, అడ్మిట్ చేసుకోండి" అని డాక్టరును గట్టిగా అడగండి.

ఉప్పు నీళ్లు తాగించి కక్కించడం, చింతపండు రసం, మజ్జిగ పట్టించడం లాంటివి చేయొద్దు. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117, డాక్టరుకు కూడా ఇవ్వండి. ఆ కూర తిన్న ప్రతి ఒక్కరూ వెళ్లాలి, బాగానే ఉన్నవాళ్లతో సహా. ఫ్రిజ్‌లో దాచిన ఆ రెండు పచ్చి పుట్టగొడుగులు, పొడి రాలిన కాగితం, మిగిలిన కూర గిన్నె వెంట తీసుకెళ్లండి. ఏం తిన్నారో డాక్టరుకు చెప్పగలిగేవి అవే. అందరూ బాగానే ఉన్నా వాటిని మూడో రోజు సాయంత్రం దాకా పారేయకండి.